విండోస్‌లో ఫోర్క్ లేదు: యూనిక్స్ ప్రోగ్రాములను తెచ్చేటప్పుడు ప్రాసెస్ సృష్టిలో వచ్చే చిక్కులు

యూనిక్స్ కోసం రాసిన సి ప్రోగ్రామును విండోస్‌లో కంపైల్ చేయబోయినవారికి మొదటి అడ్డంకి తరచుగా ప్రోగ్రాము ముక్కలను కలిపే లింకర్ దగ్గరే ఎదురవుతుంది. ఫోర్క్ అనే ఫంక్షన్ తనకు ఎక్కడా దొరకలేదని అది మొరాయిస్తుంది. అప్పుడు చాలామంది ఫోర్క్‌కు బదులుగా ఇక్కడ ఏ ఫంక్షన్ పెట్టాలా అని వెతకడం మొదలుపెడతారు. నేనూ ఒకప్పుడు అదే చేసి, రెండు వారాలు వృథా చేసుకున్నాను. అసలు అడగవలసిన ప్రశ్న వేరు: ఈ ప్రోగ్రాములో ఈ చోట ఫోర్క్‌ను ఏ పని కోసం పిలిచారు? దానికి జవాబు తెలిసిన తరువాతే విండోస్ వైపు చూడాలి, ఎందుకంటే ఫోర్క్ ఒక్క పేరుతోనే వేర్వేరు పనులు చేసిపెడుతుంది, విండోస్‌లో ఒక్కొక్క పనికి ఒక్కొక్క దారి ఉంది.

యూనిక్స్‌లో ఫోర్క్ పిలవగానే నడుస్తున్న ప్రాసెస్‌కు అచ్చు గుద్దినట్టు మరొకటి పుడుతుంది. మెమరీ, తెరిచి ఉన్న ఫైళ్లు, ప్రస్తుత డైరెక్టరీ, సిగ్నల్ ఏర్పాట్లు అన్నీ దానికి సంక్రమిస్తాయి. పుట్టించినది పేరెంట్, పుట్టినది చైల్డ్. ఆ చైల్డ్ తన ఇల్లు సర్దుకుని, కావాలనుకుంటే ఎగ్జెక్ పిలిచి మరో ప్రోగ్రాముగా మారిపోతుంది. విండోస్‌లోని క్రియేట్‌ప్రాసెస్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. అది డిస్క్ మీద ఉన్న ఒక ప్రోగ్రామును కొత్తగా మొదటినుంచి మొదలుపెడుతుంది, చైల్డ్‌కు కావలసినవన్నీ ముందుగానే 10 పారామీటర్ల రూపంలో పేరెంటే చెప్పాలి. ఫోర్క్‌కూ ఎగ్జెక్‌కూ నడుమ చైల్డ్ తన కోసం తాను చేసుకునే సర్దుబాటుకు ఇక్కడ తావు లేదు. ఈ వ్యాసంలో చెప్పబోయే చిక్కులలో ఎక్కువ భాగం ఆ సర్దుబాటు మాయమైపోవడం వల్ల వచ్చేవే.

ముందు ఫోర్క్‌లను వేరు చేయండి

సోర్సు మొత్తంలో ఫోర్క్, వీఫోర్క్, పీఓపెన్, సిస్టమ్, ఎగ్జెక్ కుటుంబం పిలుపులన్నిటినీ వెతికి ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతిదాని పక్కన అది ఏ కోవకు చెందినదో గుర్తు పెట్టండి. ఫోర్క్ వెంటనే ఎగ్జెక్ ఉంటే అది మరో ప్రోగ్రామును నడపడం మాత్రమే, దానికి క్రియేట్‌ప్రాసెస్ సరిపోతుంది. సర్వరు నేపథ్యంలోకి వెళ్లడానికి రెండుసార్లు ఫోర్క్ చేసి టెర్మినల్ నుంచి తెగతెంపులు చేసుకుంటున్నట్లయితే, ఆ కోడును తీసివేసి విండోస్ సర్వీసుగా రాయడమే మేలు. దాన్ని అనుకరించబోతే మిగిలేది తలనొప్పే. ఇక ఎగ్జెక్ లేకుండా ఫోర్క్ చేసి, పేరెంట్ మెమరీలోని సమాచారంతోనే చైల్డ్ పని సాగిస్తున్నట్లయితే, అసలు కష్టం అక్కడే ఉంది.

ఈ మూడో కోవకు నేను చూసిన వాటిలో మంచి పాఠం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. ఆ డేటాబేసులో ప్రతి కనెక్షన్‌కూ ప్రధాన ప్రాసెస్ ఒక చైల్డును ఫోర్క్ చేస్తుంది, అప్పటికే సిద్ధంగా ఉన్న వేరియబుల్సన్నీ చైల్డ్‌కు ఉచితంగా వచ్చేస్తాయి. 2005 జనవరిలో వచ్చిన 8.0 వెర్షనుతో అది విండోస్ మీద నేరుగా నడవడం మొదలైనప్పుడు, ఆ ఉచితం పోయింది. దాన్ని తెచ్చినవారు చేసిన ఏర్పాటు ఇది: పేరెంట్ తన ప్రోగ్రామునే మళ్లీ క్రియేట్‌ప్రాసెస్‌తో, అదీ ఆపి ఉంచిన స్థితిలో మొదలుపెడుతుంది, చైల్డ్‌కు కావలసిన వేరియబుల్సన్నిటినీ మూట కట్టి అందజేస్తుంది, ఆ తరువాతే దాన్ని కదలనిస్తుంది. చైల్డ్ ఆ మూట విప్పుకుని, ప్రాసెస్‌లన్నీ పంచుకునే షేర్డ్ మెమరీని పేరెంట్‌లో ఉన్న అడ్రసులోనే తగిలించుకోవాలి, ఎందుకంటే అందులోని పాయింటర్లన్నీ ఆ అడ్రసును నమ్ముకుని ఉన్నాయి. సరిగ్గా అక్కడే చాలాకాలం ఒక రోగం వేధించింది. చైల్డ్ లేచేసరికి ఆ అడ్రసులో ఏదో ఒక డీఎల్‌ఎల్ (ప్రోగ్రాము నడిచేటప్పుడు ఎక్కించుకునే లైబ్రరీ ఫైలు) వచ్చి కూర్చునేది, 487 అనే ఎర్రర్‌తో కనెక్షన్ తెగిపోయేది. చైల్డ్ ఇంకా ఆగి ఉన్నప్పుడే పేరెంట్ ఆ అడ్రసు ప్రాంతాన్ని దానిలో ముందుగా రిజర్వు చేయడం ద్వారా దాన్ని చాలావరకు కట్టడి చేశారు. మీ ప్రోగ్రాములో కూడా షేర్డ్ మెమరీలో పాయింటర్లు దాచుకునే అలవాటు ఉన్నట్లయితే, వాటిని ఆఫ్‌సెట్లుగా, అంటే మెమరీ మొదటినుంచి ఎంత దూరమో చెప్పే అంకెలుగా, మార్చే పని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

పోస్ట్‌గ్రెస్ నుంచి నేర్చుకోవలసిన మరో సంగతి దీనికన్నా విలువైనది. ఈ విండోస్ తరహా ఏర్పాటును వారు ఒక కంపైలర్ మ్యాక్రో వెనుక ఉంచారు, దాన్ని లినక్స్‌లో కూడా ఆన్ చేసి పరీక్షించవచ్చు. మీరూ అలాగే చేయండి. విండోస్ యంత్రాన్ని ముట్టుకోకముందే, లినక్స్‌లోనే ఫోర్క్, ఎగ్జెక్ జంటలన్నిటినీ, కొత్త ప్రోగ్రామును ఒకే పిలుపుతో మొదలుపెట్టే పోసిక్స్ స్పాన్‌లోకి మార్చండి, ఎగ్జెక్ లేని ఫోర్క్‌లను తన ప్రోగ్రామునే మళ్లీ నడిపే పద్ధతిలోకి మార్చండి. చైల్డ్ మెమరీలో ఏది తగ్గిందో, ఏ ఫైల్ డిస్క్రిప్టర్ అందలేదో మీకు అలవాటైన పనిముట్లతో, అలవాటైన చోటనే బయటపడుతుంది. పైథాన్ రాసేవారికి ఇది కొత్త కాదు. మల్టీప్రాసెసింగ్ మాడ్యూల్ విండోస్‌లో మొదటినుంచీ స్పాన్ పద్ధతినే వాడుతోంది, మ్యాక్‌లో 3.8 నుంచి అదే డిఫాల్టు, లినక్స్‌లో కూడా 3.14 నుంచి ఫోర్క్ డిఫాల్టు కాదు. కనుక స్పాన్ పద్ధతిని లినక్స్‌లో ఎంచుకుని ఒకసారి నడిపి చూస్తే, విండోస్‌లో ఎదురయ్యే తప్పులలో సగం ముందే కనబడతాయి.

క్రియేట్‌ప్రాసెస్ విఫలమైతే

ఫంక్షన్ సున్నా తిరిగి ఇచ్చిన మరుక్షణమే గెట్‌లాస్ట్‌ఎర్రర్‌ను పిలిచి ఆ అంకెను దాచుకోవాలి. నడుమ ఒక్క లాగ్ సందేశం రాసినా ఆ అంకె మారిపోయే ప్రమాదం ఉంది. పాత యూనిక్స్ కోడు ఎర్రర్ సంఖ్య కోసం చూసే ఎర్ర్‌నో వేరియబుల్‌ను మాత్రమే చూసి నిర్ణయాలు తీసుకోకండి, క్రియేట్‌ప్రాసెస్ దాన్ని నింపదు.

అంకె 2 అయితే ఫైలు దొరకలేదని అర్థం. ఫైలు కళ్లెదుట కనిపిస్తున్నా 2 రావడానికి మూడు కారణాలు తరచుగా ఉంటాయి. పేరుకు ఎక్స్‌టెన్షన్ ఇవ్వకపోతే క్రియేట్‌ప్రాసెస్ తనంతట తాను .ఈఎక్స్ఈ ఒక్కటే తగిలిస్తుంది. కమాండ్ ప్రాంప్టులో ఎన్‌పీఎం అని కొడితే నడుస్తుంది కదా అనుకుంటాము గానీ, అది నిజానికి .సీఎండీ ఫైలు, దాన్ని వెతికిపెట్టేది కమాండ్ ప్రాంప్టు. రెండో కారణం 32 బిట్ ప్రోగ్రాములకు వచ్చేది. అవి సిస్టమ్32 ఫోల్డరులో చూస్తున్నామనుకుంటూ నిజానికి సిస్‌వావ్64లోకి మళ్లించబడతాయి. విండోస్‌తో వచ్చే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము 32 బిట్ పోర్టుకు కనబడకపోవడానికి ఇదే కారణం, సిస్‌నేటివ్ అనే మారుపేరు దారిలో వెళ్తే కనబడుతుంది. మూడోది కొంచెం సూక్ష్మమైనది. యూనిక్స్‌లో చైల్డ్ ముందు డైరెక్టరీ మార్చుకుని తరువాత ఎగ్జెక్ చేస్తుంది కనుక, సాపేక్షంగా ఇచ్చిన ప్రోగ్రాము దారి కొత్త డైరెక్టరీ నుంచి లెక్కకు వస్తుంది. క్రియేట్‌ప్రాసెస్‌కు చైల్డ్ డైరెక్టరీని పారామీటరుగా ఇచ్చినా, ప్రోగ్రామును మాత్రం పేరెంట్ నిలబడి ఉన్న డైరెక్టరీ నుంచే వెతుకుతుంది. పూర్తి దారిని మీరే కట్టి ఇవ్వడం ఒక్కటే దీనికి నమ్మదగిన మందు.

పూర్తి దారి ఇవ్వడానికి భద్రత కూడా ఒక కారణం. యూనిక్స్‌లో ఎగ్జెక్‌వీపీ పాత్ వేరియబుల్‌లో చెప్పిన చోట్లనే వెతుకుతుంది, క్రియేట్‌ప్రాసెస్ మాత్రం పాత్ కంటే ముందుగా ప్రస్తుత డైరెక్టరీలో కూడా వెతుకుతుంది. దానికి తోడు, ప్రోగ్రాము పేరును ప్రత్యేకంగా ఇవ్వకుండా కమాండ్ లైనులోనే కొటేషన్లు లేకుండా ప్రోగ్రామ్ ఫైల్స్ దారి ఇస్తే, మొదటి ఖాళీ దగ్గర ఆగి సి డ్రైవులో ప్రోగ్రామ్.ఈఎక్స్ఈ ఉందేమోనని చూస్తుంది. ఉంటే దాన్నే నడుపుతుంది.

అంకె 193 వస్తే, ఆ ఫైలు నడపదగిన ప్రోగ్రాము కాదని అర్థం. పోర్టులలో ఇది చాలావరకు షెల్ స్క్రిప్టో పెర్ల్ స్క్రిప్టో అయి ఉంటుంది. మొదటి పంక్తిలో హ్యాష్, ఆశ్చర్యార్థకం పెట్టి ఇంటర్‌ప్రెటర్ పేరు రాసే సంప్రదాయాన్ని విండోస్ కెర్నెల్ పట్టించుకోదు. గిట్ విండోస్ పోర్టు చేసినట్టుగా, మీ స్పాన్ ఫంక్షనే ఫైలు మొదటి పంక్తిని చదివి, ఇంటర్‌ప్రెటర్ పేరును తీసి, దాన్ని పాత్‌లో వెతికి, స్క్రిప్టును దానికి ఆర్గ్యుమెంటుగా ఇవ్వాలి.

267 అయితే చైల్డ్‌కు ఇచ్చిన డైరెక్టరీ చెల్లదు. 206 అయితే కమాండ్ లైను మితిమీరింది, దాని పరిమితి 32,767 అక్షరాలు, కమాండ్ ప్రాంప్టు మీదుగా వెళ్తే 8,191 మాత్రమే. లినక్స్‌లో వేల ఫైళ్ల పేర్లు ఒకే లైనులో ఇచ్చి లింకరును పిలిచే బిల్డు స్క్రిప్టులు ఇక్కడే చతికిలపడతాయి. ఆ పేర్లను ఒక ఫైలులో రాసి, ఆ ఫైలు పేరును ఇచ్చే పద్ధతికి మారాలి.

ఇక 740. ఈ అంకెతో నాకు ప్రత్యేకమైన పరిచయం ఉంది. మేము తెచ్చిన పనిముట్లలో ప్యాచ్ కూడా ఒకటి. మిగిలినవన్నీ నడుస్తున్నాయి, అది ఒక్కటి నడవదు, పైగా అదే ఫైలుకు వేరే పేరు పెడితే నడుస్తుంది. కోడులో తప్పు కోసం ఒక రోజంతా వెతికిన తరువాత తెలిసిందేమిటంటే, తన అనుమతి స్థాయిని మ్యానిఫెస్టులో (ప్రోగ్రాము తన గురించి విండోస్‌కు చెప్పుకునే పత్రంలో) చెప్పని 32 బిట్ ప్రోగ్రాము పేరులో ఇన్‌స్టాల్, సెటప్, అప్‌డేట్, ప్యాచ్ వంటి మాటలుంటే విండోస్ దాన్ని ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాముగా అనుమానించి అడ్మినిస్ట్రేటర్ హక్కులు అడుగుతుంది. క్రియేట్‌ప్రాసెస్ ఆ హక్కులను ఇప్పించలేదు కనుక 740 తో వెనుదిరుగుతుంది. పిలిచినవారి హక్కులతోనే నడుస్తానని చెప్పే మ్యానిఫెస్టును ప్రోగ్రాములో పొదిగితే సమస్య తీరుతుంది. యూనిక్స్‌లో ఇన్‌స్టాల్ అనే పేరుతో కూడా ఒక పనిముట్టు ఉందని గుర్తుంచుకోండి.

ఏ ఎర్రర్ అంకే రాకుండా క్రియేట్‌ప్రాసెస్ లోపలే పేరెంట్ కూలిపోతే, కమాండ్ లైనుగా ఏమి ఇచ్చారో చూడండి. వైడ్ అక్షరాల రూపంలో ఉన్న క్రియేట్‌ప్రాసెస్ ఆ బఫరులో తాత్కాలికంగా మార్పులు చేయవచ్చు. మార్చడానికి వీలులేని స్థిర స్ట్రింగును నేరుగా ఇస్తే యాక్సెస్ వయొలేషన్ తప్పదు.

ఆర్గ్యుమెంట్లు ముక్కలైతే

యూనిక్స్ నుంచి వచ్చినవారు జీర్ణించుకోవడానికి ఎక్కువ కాలం పట్టే విషయం ఇది. యూనిక్స్‌లో ఆర్గ్యుమెంట్లు స్ట్రింగుల వరుసగా ఉన్నవి ఉన్నట్టుగా చైల్డ్‌కు చేరుతాయి. విండోస్‌లో చైల్డ్‌కు చేరేది ఒకే ఒక పొడవైన స్ట్రింగు. దాన్ని ముక్కలు చేసుకునే బాధ్యత చైల్డ్‌దే, ఎలా ముక్కలు చేయాలో అది తన ఇష్టం. మైక్రోసాఫ్ట్ సి లైబ్రరీలోని స్పాన్ ఫంక్షన్లు వరుసనే తీసుకుంటాయి కదా అని నమ్మితే మోసపోతారు. అవి ఆ వరుసను నడుమ ఖాళీలు పెట్టి కలిపేస్తాయి, కొటేషన్లు తగిలించవు. ‘నా ఫైళ్లు’ అని మీరు ఒక ఆర్గ్యుమెంటు ఇస్తే, చైల్డ్‌కు ‘నా’, ‘ఫైళ్లు’ అని రెండు చేరుతాయి.

కొటేషన్లలో పెడితే చాలదా అంటే, చాలదు. ఉదాహరణకు మూడు ఆర్గ్యుమెంట్లు ఉన్నాయనుకోండి: మొదటిది ‘డి:\నా ఫైళ్లు\’, రెండోది ‘కాపీ’, మూడోది ‘పాతవి’. మొదటిదాని చుట్టూ డబుల్ కొటేషన్లు పెట్టి కలిపితే వచ్చే లైను ఇది:

"డి:\నా ఫైళ్లు\" కాపీ పాతవి

చూడడానికి ఇందులో తప్పేమీ లేదు. కానీ మైక్రోసాఫ్ట్ సి లైబ్రరీ నియమాల ప్రకారం, కొటేషన్‌కు ముందున్న బ్యాక్‌స్లాష్ ఆ కొటేషన్‌ను సాధారణ అక్షరంగా మార్చేస్తుంది. దానితో మొదటి ఆర్గ్యుమెంటు అక్కడ ముగియదు, మిగిలిన రెండింటినీ మింగేసి, చైల్డ్‌కు ‘డి:\నా ఫైళ్లు" కాపీ పాతవి’ అనే ఒకే ఒక వింత ఆర్గ్యుమెంటు చేరుతుంది. సరైన పద్ధతి ఇది: ఆర్గ్యుమెంటులో ఖాళీ గాని, ట్యాబ్ గాని, కొటేషన్ గాని ఉన్నా, లేదా అది పూర్తిగా ఖాళీ స్ట్రింగు అయినా, దాన్ని డబుల్ కొటేషన్లలో పెట్టండి. లోపల ఉన్న ప్రతి కొటేషన్‌కు ముందున్న బ్యాక్‌స్లాష్‌లను రెట్టింపు చేసి, ఆ కొటేషన్ కోసం మరొకటి చేర్చండి. చివరలో ఉన్న బ్యాక్‌స్లాష్‌లను మూసే కొటేషన్‌కు ముందు రెట్టింపు చేయండి. మిగతా చోట్ల ఉన్న బ్యాక్‌స్లాష్‌లను ముట్టుకోవద్దు. ఈ పని చేసే ఇరవై, ముప్పై పంక్తుల ఫంక్షను ఒకటి రాసి, ప్రోగ్రాములో మరెక్కడా ఎవరూ చేతితో కమాండ్ లైను కట్టకూడదని కట్టడి చేయండి.

ఆ నియమాలు సి లైబ్రరీకి చెందినవి మాత్రమే. లైను కమాండ్ ప్రాంప్టు మీదుగా వెళ్తే యాంపర్‌శాండ్, పైపు గుర్తు, క్యారెట్, శాతం గుర్తు అన్నిటికీ వేరే అర్థాలు వస్తాయి. కొటేషన్ల లోపల ఉన్నా శాతం గుర్తుల మధ్య ఉన్న పేరు వేరియబుల్‌గా విస్తరిస్తుంది. .బ్యాట్ ఫైలును క్రియేట్‌ప్రాసెస్‌కు ఇస్తే అది మీకు చెప్పకుండానే కమాండ్ ప్రాంప్టును నడుమకు తెస్తుంది. బయటివారు ఇచ్చిన టెక్స్టు ఆ ఆర్గ్యుమెంట్లలో ఉంటే, వారు కోరిన కమాండ్ మీ యంత్రంలో నడిచే ప్రమాదం ఉంది. 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష 1.77.2 వెర్షనును హడావుడిగా విడుదల చేయవలసి వచ్చింది ఈ కారణంగానే. అందుచేత బ్యాచ్ ఫైళ్లకు అపరిచిత ఆర్గ్యుమెంట్లు పంపకపోవడమే నా సలహా, తప్పనిసరైతే అనుమతించిన అక్షరాలు తప్ప మిగతావన్నీ తిరస్కరించండి.

ఊహాగానాలు మాని పరీక్షించుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసుకోండి. తనకు అందిన ఆర్గ్యుమెంట్లను ఒక్కొక్క పంక్తిలో చదరపు బ్రాకెట్ల మధ్య ముద్రించడం, తన ప్రస్తుత డైరెక్టరీని, ఎన్విరాన్‌మెంటును చూపించడం, ఇంతే దాని పని. అసలు చైల్డ్ స్థానంలో దాన్ని నడిపితే, పేరెంట్ ఏమి పంపిందో క్షణంలో తేలిపోతుంది.

మొదలై, వెంటనే చనిపోతే

క్రియేట్‌ప్రాసెస్ విజయం సాధించినంత మాత్రాన చైల్డ్ నడిచిందని కాదు. డీఎల్‌ఎల్‌లను వెతికి ఎక్కించే పని ఆ తరువాత, చైల్డ్ లోపల జరుగుతుంది. అక్కడ తేడా వస్తే మెయిన్ ఫంక్షను మొదలవకముందే చైల్డ్ ముగిసిపోతుంది, ఏ సందేశమూ కనబడకపోవచ్చు. కనుక ముగింపు కోడును పూర్తిగా చూడండి. -1073741515 అయితే ఒక డీఎల్‌ఎల్ దొరకలేదు, -1073741701 అయితే 32 బిట్, 64 బిట్ ఫైళ్లు కలగలిసిపోయాయి, -1073741502 అయితే డీఎల్‌ఎల్ దొరికింది గానీ దాని ప్రారంభం విఫలమైంది, -1073741819 అయితే ప్రోగ్రాము చెల్లని మెమరీని తాకింది.

యూనిక్స్ కోడు ఇక్కడొక గొయ్యి తవ్వి ఉంచుతుంది. యూనిక్స్‌లో ముగింపు కోడు 8 బిట్లకే పరిమితం కనుక, పాత కోడు దాన్ని 255 తో మాస్క్ చేస్తుంది. ఆ మాస్క్ మిగిలి ఉంటే -1073741515 కాస్తా 53 అయిపోతుంది, ఆ 53 అర్థమేమిటో ఏ డాక్యుమెంటులోనూ దొరకదు. విండోస్‌లో ముగింపు కోడు 32 బిట్లు, దాన్ని అలాగే ఉంచి లాగ్‌లో రాయండి.

చైల్డ్‌కు మీరే ఎన్విరాన్‌మెంటును కట్టి ఇస్తున్నట్లయితే మరో జాగ్రత్త అవసరం. భద్రత కోసం దాన్ని ఖాళీ చేసి, కావలసిన రెండు మూడు వేరియబుల్స్ మాత్రమే పెట్టడం యూనిక్స్‌లో మంచి అలవాటు. విండోస్‌లో సిస్టమ్‌రూట్ వేరియబుల్ లేకుండా చైల్డును లేపితే, నెట్‌వర్కు లైబ్రరీ మొదలు కాకపోవడం వంటి సంబంధం లేనట్టు కనిపించే తప్పులు పుట్టుకొస్తాయి. వేరియబుల్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం భేదం లేదు కనుక, పాత్ అనే పేరు రెండు రూపాల్లో రెండుసార్లు చేరకుండా చూసుకోవాలి. వైడ్ అక్షరాల ఎన్విరాన్‌మెంటు ఇచ్చినప్పుడు, అది యూనికోడ్ అని తెలిపే ఫ్లాగును కూడా ఇవ్వడం మరవవద్దు.

నడిచి, ఎప్పటికీ ముగియకపోతే

ఒక ప్రాసెస్ నుంచి మరోదానికి సమాచారం చేరవేసే పైపుల చిక్కు ఇది. యూనిక్స్‌లో ఫోర్క్ తరువాత పేరెంట్, చైల్డ్ రెండూ తమకు అక్కరలేని పైపు చివరను మూసేస్తాయి, అందరికీ తెలిసిన పద్ధతి. విండోస్‌లో చైల్డ్ తరఫున మూయడానికి చైల్డ్ లోపల మీ కోడు లేదు. పేరెంట్ ఉంచుకోవలసిన చివర చైల్డ్‌కు వారసత్వంగా వెళ్లిపోతే, దాన్ని ఎవరూ మూయరు. చైల్డ్ తన ఇన్‌పుట్ ముగింపు కోసం ఎదురుచూస్తుంది, ఆ ఇన్‌పుట్ పైపును తెరిచి పట్టుకున్నది తానేనని దానికి తెలియదు. అందుచేత పైపు సృష్టించిన వెంటనే, పేరెంట్ వైపు చివరను వారసత్వానికి అనర్హమని సెట్‌హ్యాండిల్‌ఇన్ఫర్మేషన్‌తో గుర్తు పెట్టండి, క్రియేట్‌ప్రాసెస్ ముగిసిన వెంటనే చైల్డ్ వైపు చివరను పేరెంట్‌లో మూసివేయండి. ప్రామాణిక ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ మూడింటినీ నింపండి, ఒక్కదాన్నే మళ్లించాలనుకున్నా సరే.

ఇంత చేసినా ఒక లాగ్ కంప్రెషన్ పనిముట్టు మమ్మల్ని నెల రోజులు వేధించింది. జీజిప్ చైల్డ్ పని ముగించి వెళ్లిపోయేది, దాని అవుట్‌పుట్ చదివే థ్రెడ్ మాత్రం అప్పుడప్పుడు పది నిమిషాలు కదలకుండా ఉండేది. కారణం మరో థ్రెడ్. అది అదే క్షణంలో పూర్తిగా వేరైన చైల్డును మొదలుపెడుతోంది. హ్యాండిళ్లను (తెరిచిన ఫైళ్లకు, పైపులకు, ప్రాసెస్‌లకు విండోస్ ఇచ్చే గుర్తులను) వారసత్వంగా ఇవ్వమని క్రియేట్‌ప్రాసెస్‌కు చెబితే, అప్పటికి వారసత్వానికి అర్హమైన హ్యాండిళ్లన్నీ ఆ చైల్డ్‌కు వెళ్తాయి, ఎవరి కోసం తెరిచారన్న విచక్షణ ఉండదు. మా పైపు రాసే చివర అలా పొరుగు చైల్డ్ చేతికి చిక్కి, అది నిద్ర లేచి వెళ్లేదాకా మూతపడేది కాదు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ పైపు హ్యాండిల్‌ను వెతికి పట్టుకున్నప్పుడు గాని నమ్మలేదు. విండోస్ విస్టా నుంచి దీనికి తగిన విరుగుడు ఉంది. విస్తృత స్టార్టప్ సమాచారంతో పాటు హ్యాండిళ్ల జాబితా ఒకటి ఇస్తే, ఆ జాబితాలో ఉన్నవి మాత్రమే చైల్డ్‌కు చేరుతాయి. ఆ హ్యాండిళ్లు వారసత్వానికి అర్హమైనవై ఉండాలి, లేకపోతే 87 తో తిరస్కరణ ఎదురవుతుంది.

పేరెంట్ ముందు చైల్డ్ ముగిసేదాకా వేచి ఉండి, ఆ తరువాత దాని అవుట్‌పుట్ చదివే కోడు లినక్స్‌లో కూడా తప్పే. అక్కడ పైపులో 65,536 బైట్లు పడతాయి కనుక అదృష్టం మీద నడిచిపోతుంది, ఇక్కడి డిఫాల్టు పైపు అంతకన్నా చిన్నది కనుక వెంటనే ఇరుక్కుంటుంది. సెలెక్ట్ ఫంక్షను విండోస్‌లో సాకెట్లకే పనిచేస్తుంది, పైపులకు కాదు. ప్రతి పైపుకూ ఒక థ్రెడ్ పెట్టి చదవడం మొరటుగా కనిపించినా నిలకడైన పద్ధతి.

అవుట్‌పుట్ చెడిపోయి వస్తే టెక్స్ట్ మోడును అనుమానించండి. సి లైబ్రరీ పంక్తి చివరలను మార్చేస్తుంది, చదివేటప్పుడు 26 విలువ ఉన్న బైటు తగిలితే ఫైలు ముగిసిందనుకుంటుంది. బైనరీ సమాచారం పంపే పైపుల రెండు చివరలనూ బైనరీ మోడులోకి మార్చాలి.

ఎదురుచూడడం, చంపడం

సి లైబ్రరీలో ఎగ్జెక్ అనే పేరుతో ఫంక్షన్లు ఉండడం ఒక ఉచ్చు. అవి ప్రాసెస్‌ను మార్చవు. కొత్త ప్రాసెస్‌ను మొదలుపెట్టి, పిలిచినదాన్ని ముగించేస్తాయి. ప్రాసెస్ సంఖ్య మారిపోతుంది, దాని కోసం ఎదురుచూస్తున్నవారు పని అయిపోయిందనుకుంటారు. కమాండ్ ప్రాంప్టు తిరిగి వచ్చేసిన తరువాత దాని మీద ప్రోగ్రాము అవుట్‌పుట్ పడుతూ ఉంటే కారణం ఇదే. చిన్న ర్యాపర్ ప్రోగ్రాములలో ఎగ్జెక్‌ను తీసివేసి, చైల్డును నడిపి, ముగిసేదాకా ఆగి, దాని ముగింపు కోడునే తిరిగి ఇవ్వండి.

వెయిట్‌పిడ్ చోట హ్యాండిల్ మీద ఎదురుచూడాలి, ప్రాసెస్ సంఖ్య మీద కాదు. హ్యాండిల్ తెరిచి ఉన్నంతకాలం ఆ సంఖ్య మరొకరికి వెళ్లదు, మూసిన తరువాత ఎవరికైనా వెళ్లవచ్చు. ఏ చైల్డ్ ముగిసినా చెప్పమనే కోడుకు వెయిట్‌ఫర్‌మల్టిపుల్‌ఆబ్జెక్ట్స్ వాడితే ఒక్క పిలుపులో 64 హ్యాండిళ్లకే అవకాశం ఉంది. చైల్డ్‌లు అంతకు మించితే, ప్రాసెస్‌లను ఒక గుంపుగా పట్టి ఉంచే జాబ్ ఆబ్జెక్టు వైపు వెళ్లాలి. మనవళ్లతో సహా కుటుంబం మొత్తాన్ని ముగించడానికి కూడా అదే దారి, ఎందుకంటే టెర్మినేట్‌ప్రాసెస్ ఒక్క ప్రాసెస్‌నే చంపుతుంది, పేరెంట్ పోయినా చైల్డ్‌లు నడుస్తూనే ఉంటాయి. చైల్డును ఆపి ఉంచిన స్థితిలో పుట్టించి, జాబ్‌లో చేర్చి, అప్పుడు కదిలించండి. ముందే కదిలిస్తే, మీరు చేర్చేలోపు అది మరో ప్రాసెస్‌ను పుట్టించి ఉండవచ్చు. మర్యాదగా ముగియమని చెప్పే సిగ్‌టెర్మ్‌కు ఇక్కడ సరితూగేది లేదు. కన్సోల్ ప్రోగ్రామైతే కొత్త ప్రాసెస్ గ్రూపులో లేపి, కంట్రోల్ బ్రేక్ సంకేతం పంపవచ్చు. అలాంటి గ్రూపులో కంట్రోల్ సి మొదటినుంచే ఆపివేసి ఉంటుంది కనుక అది పనిచేయడం లేదని వెతకవద్దు.

ఇదంతా చదివి, విండోస్ మీద యూనిక్స్ వాతావరణాన్ని అనుకరించే సిగ్విన్ వాడితే ఫోర్క్ అలాగే ఉంటుంది కదా అనేవారుంటారు. ఉంటుంది. కాని అది చైల్డును కొత్తగా లేపి, పేరెంట్ మెమరీని దానిలోకి కాపీ చేసి నెట్టుకొస్తుంది కనుక నెమ్మది. రెండింటిలో డీఎల్‌ఎల్‌లు ఒకే అడ్రసులో ఎక్కకపోతే విఫలమవుతుంది. యాంటీవైరస్‌లు తమ డీఎల్‌ఎల్‌లను చొప్పించే యంత్రాలలో ఇది తరచు జరుగుతుంది. సిగ్విన్ ప్రాసెస్‌లన్నీ ఆపి, డీఎల్‌ఎల్‌ల అడ్రసులను సరిచేసే రీబేస్‌ఆల్ నడపడం తొలి చికిత్స. కొద్దిమంది వాడే అంతర్గత పనిముట్టుకు అది చాలు, వేలమందికి ఇచ్చే ప్రోగ్రాముకు నేనైతే సూచించను.

చివరి పరీక్షగా, మీ ప్రోగ్రాము చేత ఒక చిన్న చైల్డును పది వేలసార్లు పుట్టించి ముగించమని చెప్పి, టాస్క్ మేనేజరులో పేరెంట్ పక్కన హ్యాండిళ్ల కాలమ్‌ను తెరిచి ఉంచండి. పక్కనే ప్రాసెస్ మానిటరులో ప్రాసెస్ క్రియేట్ అనే ఆపరేషన్‌కు మాత్రమే ఫిల్టరు పెట్టి, ప్రతి కమాండ్ లైనూ మీరు అనుకున్నట్టే ఉందో లేదో చూడండి. హ్యాండిళ్ల సంఖ్య చైల్డ్‌కు ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంటే, క్రియేట్‌ప్రాసెస్ ప్రాసెస్ హ్యాండిల్‌తో పాటు తిరిగి ఇచ్చే థ్రెడ్ హ్యాండిల్‌ను మూయడం మరిచారన్నమాట.